విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: డబ్బు కట్టకముందు అడగవలసిన మాటలు



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనబడుతోంది. ఒక తల్లి ఇలా రాశారు: "మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసింది. ఆరేళ్లుగా ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. వేసవి సెలవుల్లో జీతం ఇవ్వరు. ఒక ఏజెన్సీవారు విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఉందంటున్నారు. మూడు లక్షలు కట్టాలట. పొలం కాగితాలు తాకట్టు పెడదామని మావారు అంటున్నారు. కట్టవచ్చునా?"

కట్టండి అనో, కట్టవద్దు అనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోగల ప్రశ్న కాదిది. పరదేశం వెళ్లి పాఠాలు చెప్పడం మనవారికి కొత్త కాదు. ఒక తరం క్రితం ఇథియోపియా, నైజీరియా బడుల్లో మన దేశపు ఉపాధ్యాయులు ఎందరో పని చేశారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మాల్దీవుల్లోను, గల్ఫ్ దేశాల్లోని భారతీయ పాఠశాలల్లోను నేటికీ మన టీచర్లు ఉన్నారు. ఆ సంపాదనతో చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి, తమ్ముళ్ల చదువులు సాగాయి. కాబట్టి మిమ్మల్ని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. అయితే మంచి ఉద్యోగమైనా, మోసమైనా మొదట్లో ఒకే విధంగా కనిపిస్తాయి. రెండింటికీ అందమైన ఆఫర్ లెటరు ఉంటుంది, ఫోనులో మర్యాదగా మాట్లాడే మనిషి ఉంటాడు. తేడా తెలుసుకోవడానికి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ఏజెంటుకు డబ్బు ఇస్తున్నది ఎవరు?

ఏజెంటు ఎవరి మనిషి?

టీచరు కావలసింది స్కూలుకు. అందుచేత వెదికిపెట్టినందుకు ఏజెంటుకు రుసుము ఇవ్వవలసింది కూడా స్కూలే. కొరియా, చైనా వంటి దేశాల బడులకు ఇంగ్లీషు టీచర్లను కుదిర్చే ఏజెన్సీలు సాధారణంగా నడిచేది ఈ పద్ధతిలోనే. తీసుకున్న ప్రతి టీచరుకు స్కూలు ఇంత అని ఏజెన్సీకి చెల్లిస్తుంది. టీచరు దగ్గర ఏమీ పుచ్చుకోరు. అప్పుడు కూడా ఏజెంటు మన పక్షాన ఉన్నాడని అనుకోకూడదు. ఎవరి జీతం తింటున్నాడో వారి పనే చేస్తాడు. ఖాళీ నింపడం అతని పని, ఆ ఖాళీ మనకు తగినదో కాదో చూసుకోవడం మన పని.

ఇక ఏజెంటు మన దగ్గరే లక్షలు అడిగితే సంగతి వేరు. మనం కట్టిన రోజే అతని సంపాదన పూర్తవుతుంది. ఆ తరువాత ఉద్యోగం నిలిచినా, నిలవకపోయినా అతనికి నష్టం లేదు. అలాంటి చోట అమ్ముడవుతున్నది ఉద్యోగం కాదు, మన ఆశ.

ఈ విషయంలో మన దేశానికి చట్టం ఉంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను కుదిర్చే ఏజెంటు ఎవరైనా విదేశాంగ శాఖ కింద పని చేసే ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ వద్ద నమోదు కావాలి. ఆఫీసులోను, ప్రకటనలోను ఆ లైసెన్సు నంబరు కనబడేలా ఉంచాలి. అభ్యర్థి నుండి 30,000 రూపాయలకు మించి సేవా రుసుము పుచ్చుకోకూడదు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 35,400 అవుతుంది. దానికి రసీదు ఇవ్వాలి. ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైన ఏజెంట్ల పేర్లు చూసుకోవచ్చు. ఇంట్లో పిల్లలు పది నిమిషాల్లో చూసి చెప్పగలరు. "మాది కన్సల్టెన్సీ అండీ, మాకు ఆ లైసెన్సు అక్కరలేదు" అని ఎవరైనా అంటే, విద్యార్థి వీసాలు చూసే కన్సల్టెన్సీ వేరు, ఉద్యోగానికి మనుషులను పంపే ఏజెన్సీ వేరు అని గుర్తుంచుకోండి.

చదువుకున్నవారు మోసపోరు అనుకోవడం పొరపాటు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో జరిగిన సంగతి చూడండి. ఫిలిప్పీన్స్ నుండి 350 మందికి పైగా టీచర్లను ఒక ఏజెన్సీ అక్కడి ప్రభుత్వ బడులకు తీసుకువెళ్లింది. ఉద్యోగాలు నిజమైనవే, వీసాలూ నిజమైనవే. కాని ఒక్కొక్కరి దగ్గర సుమారు 16,000 డాలర్ల దాకా వసూలు చేశారు. మొదట కొంత కట్టించుకుని, తరువాత ఇంకా పెద్ద మొత్తం కట్టకపోతే మొదటిది కూడా తిరిగి రాదన్నారు. రెండవ సంవత్సరం జీతంలో పదో వంతు ఇస్తామని సంతకాలు కూడా పెట్టించుకున్నారు. ఆ టీచర్లు 2010లో కోర్టుకు వెళ్లారు. 2012 డిసెంబరులో జ్యూరీ వారికి 45 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఉద్యోగం నిజమైనది అయినంత మాత్రాన బేరం న్యాయమైనది కాదని ఈ కేసు చెబుతోంది.

మనవారిని తీసుకునే దేశాలు ఏవి?

రెండవ ప్రశ్న: ఆ దేశపు చట్టం మన పాస్‌పోర్టు ఉన్నవారిని ఆ పనికి తీసుకుంటుందా? ఇది చాలామంది అడగరు. మన అమ్మాయి ఇంగ్లీషు ఎంత చక్కగా ఉన్నా, కొన్ని దేశాలు పుట్టిన దేశాన్ని బట్టి తలుపు తెరుస్తాయి. ఇది న్యాయమా అంటే కాదు. అయినా తెలుసుకోకుండా డబ్బు కడితే నష్టపోయేది మనమే.

దక్షిణ కొరియా ఇంగ్లీషు బోధనకు ఇచ్చే ఇ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాలవారికి: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. మన దేశానికీ కొరియాకూ మధ్య 2010లో అమలులోకి వచ్చిన ఆర్థిక ఒప్పందం వల్ల, డిగ్రీతోపాటు ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులు పాఠశాలల్లో సహాయక ఇంగ్లీషు టీచర్లుగా వెళ్లే వీలు కలిగింది. కాని ఆ దారి ఇరుకైనది. వీధి వీధినా ఉండే అక్కడి ట్యూషన్ సెంటర్లలో చేర్పిస్తామని ఎవరైనా అంటే అనుమానించండి.

చైనాలోనూ భాషా టీచర్లను సాధారణంగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల నుండే తీసుకుంటారు. పైగా 2021 జూలైలో అక్కడి ప్రభుత్వం స్కూలు పాఠాలకు లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను అరికట్టింది. ఎన్నో సెంటర్లు మూతపడ్డాయి. కాబట్టి పిలుస్తున్నది బడియా, ట్యూషన్ సెంటరా అని అడగాలి.

థాయ్‌లాండ్‌లో ఇతర దేశాలవారికి అవకాశం ఉంది. అయితే ఇంగ్లీషు మాతృభాష కానివారి నుండి టోయిక్ లేదా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వంటి పరీక్షలో మార్కులు అడుగుతారు. అక్కడి ఉపాధ్యాయ మండలి అనుమతి, వర్క్ పర్మిట్ కూడా కావాలి.

బ్రిటన్ 2023 ఫిబ్రవరి నుండి భారతీయ టీచర్ల అర్హతను గుర్తించడం మొదలుపెట్టింది. అది విని ఆశపడేవారు ఉన్నారు. కాని మనవారికి ఆ వెసులుబాటు ఇచ్చినది గణితం, సైన్సు, ఇతర భాషల టీచర్లకు, అదీ 11 నుండి 16 ఏళ్ల పిల్లలకు బోధించే అర్హత ఉన్నవారికి. ఇంగ్లీషు టీచర్లకు కాదు. "బ్రిటన్ తలుపులు తెరిచింది" అనే ప్రకటనలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో కూడా ఉండదు.

మన బి.ఎడ్. టీచర్లకు తిన్నని దారి ఇప్పటికీ గల్ఫ్ దేశాల్లో సి.బి.ఎస్.ఇ. పాఠాలు చెప్పే భారతీయ పాఠశాలలు, మాల్దీవుల బడులు. అక్కడ మన డిగ్రీకి, మన అనుభవానికి విలువ ఉంది. పేరు గొప్పగా వినబడే దేశం కంటె, మన అర్హతను చట్టప్రకారం ఒప్పుకునే దేశం మేలు.

ఆఫర్ లెటరు చేతికి వచ్చాక

ఆఫర్ లెటరులో యజమాని పేరు ఉండాలి. ఏజెన్సీ పేరు కాదు, పాఠం చెప్పబోయే బడి పేరు, ఊరు, చిరునామా. "ప్రముఖ అంతర్జాతీయ పాఠశాల" అని మాత్రమే ఉంటే అది ఆఫర్ కాదు. బడి పేరు తెలిశాక, ఏజెంటు ఇచ్చిన నంబరు కాకుండా మీరే వెదికి పట్టుకున్న నంబరుకు ఫోను చేసి, ఈ ఖాళీ ఉందా, ఈ ఏజెన్సీ మీదేనా అని అడగండి. ఇప్పుడు అక్కడ పని చేస్తున్న భారతీయ టీచరు ఒకరితో మాట్లాడించమని ఏజెంటును అడగండి. నిజమైన బడి దీనికి చిన్నబుచ్చుకోదు.

తరువాత వీసా. ఉద్యోగానికి ఉద్యోగ వీసానే కావాలి. "ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడికి వెళ్లాక మార్చేస్తాం" అన్న మాట చాలా కుటుంబాలను దెబ్బతీసింది. విహార వీసా మీద పాఠం చెబితే ఆ దేశపు దృష్టిలో తప్పు చేసింది టీచరే. పట్టుబడితే జరిమానా, నిర్బంధం, తిరుగు ప్రయాణం టీచరుకు. ఏజెంటు ఇక్కడే ఉంటాడు. చైనాలో పని చేయాలంటే జడ్ వీసా కావాలి. దానికి ముందుగా యజమాని అక్కడి ప్రభుత్వం నుండి అనుమతి పత్రం తీయాలి. అంటే బడి కష్టపడకుండా నిజమైన వీసా రాదు. బడి చేయవలసిన ఆ పని జరిగిందా అని అడగడమే మంచి పరీక్ష.

ఈ మాట తేలికగా తీసుకోవద్దు. థాయ్‌లాండ్‌లో కంప్యూటరు ఉద్యోగాలని నమ్మించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో నిర్బంధించి, సైబరు మోసాలు చేయిస్తున్నారని 2022లోనే మన విదేశాంగ శాఖ హెచ్చరించింది. 2025 మార్చిలో 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కు తెచ్చారు. అవి టీచరు ఉద్యోగాలు కావు. కాని వారిని పిలిచిన పద్ధతి మాత్రం ఇదే: తొందర, విజిట్ వీసా, యజమాని ఎవరో తెలియని ఆఫరు.

మూడవది కాంట్రాక్టు. ప్రతి పేజీ చదవండి. వారానికి ఎన్ని పీరియడ్లు, బడిలో ఎన్ని గంటలు ఉండాలి, సెలవుల్లో జీతం ఉందా, ఇల్లు ఎవరిది, విమాన టిక్కెట్టు ఎవరిది, వైద్య బీమా ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, వారే తీసేస్తే ఏమిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాటగా చెప్పినది ఏదీ లెక్కకు రాదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు ఉద్యోగి నుండి రాబట్టకూడదు, పాస్‌పోర్టు వంటి పత్రాలు యజమాని అట్టిపెట్టుకోకూడదు, ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. అక్కడ ఏడాది నిండాక వచ్చే గ్రాట్యుటీ మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున లెక్కిస్తారు. కాబట్టి మొత్తం జీతం పెద్దదిగా చూపి, మూల వేతనం చిన్నదిగా రాస్తే, వచ్చేటప్పుడు చేతికందేది కూడా చిన్నదే.

ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న చిన్నది కాదు. జపాన్‌లో ఇంగ్లీషు నేర్పే అతి పెద్ద సంస్థ నోవా 2007 అక్టోబరులో కుప్పకూలింది. సుమారు నాలుగు వేలమంది విదేశీ టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. అంతకుముందే కొందరి జీతంలోంచి అద్దె కోసుకుని, ఇంటి యజమానులకు కట్టడం మానేసింది. ఒకే దెబ్బకు ఉద్యోగం, నీడ రెండూ పోయాయి. అంత పేరున్న సంస్థకే అలా జరిగింది. మూడు నెలల తిండికి, తిరుగు టిక్కెట్టుకు సరిపోయే డబ్బు టీచరు సొంత ఖాతాలో ఉండాలని మేము అనేది అందుకే.

లెక్క కాగితం మీద వేయండి

మన ఇళ్లల్లో జీతం ఎంత అని అడుగుతాం, ఎంత మిగులుతుందని అడగం. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 6,000 వడ్డీయే. ఒక ఏడాది కాంట్రాక్టులో అసలు తీర్చాలంటే నెలకు 25,000. వెరసి మొదటి నెల 31,000 ఇంటికి పంపాలి. మొదటి జీతం అందేసరికి ఒకటి రెండు నెలలు గడుస్తాయి. అక్కడి అద్దె, తిండి, బస్సు ఖర్చు పోను ఆ జీతంలో 31,000 మిగులుతుందా? మిగిలితే కూడా ఆ ఏడాదంతా అప్పు తీర్చడానికే పని చేసినట్టు. కాంట్రాక్టు రెండో ఏడు పొడిగిస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఈ లెక్క వేసి చూస్తే చాలా ఆఫర్లు వాటంతట అవే తేలిపోతాయి.

"ట్రైనింగ్ సర్టిఫికెట్ మా దగ్గరే చేస్తే ఉద్యోగం ఖాయం" అనేవారి విషయంలోనూ జాగ్రత్త. ఇంగ్లీషు బోధనలో 120 గంటల టెఫెల్ కోర్సు, కేంబ్రిడ్జ్ వారి సెల్టా వంటివి చాలాచోట్ల గుర్తింపు ఉన్నవే. మన హైదరాబాదులోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో మొదలైన ఆ సంస్థ ఇంగ్లీషు టీచర్ల శిక్షణకే పేరుగాంచింది. చదువు చదువుగా కొనండి. ఉద్యోగంతో కట్టగట్టి అమ్మే సర్టిఫికెట్టుకు బయట విలువ ఉందో లేదో ముందు కనుక్కోండి.

"మన సంఘస్థుడే" అన్న మాట

ఇంకొక సంగతి మనసు విప్పి చెప్పాలి. ఏజెంట్లు చాలాసార్లు పత్రికా ప్రకటన ద్వారా రారు. తెలిసినవారి ద్వారా వస్తారు. "మన సంఘస్థుడే, ఆదివారం కూటానికి వస్తాడు, అబద్ధం ఆడడు" అని మనవాళ్లే చెబుతారు. ఆ మనిషి మంచివాడే కావచ్చు. అతడూ ఇంకొకరిని నమ్మి, మనిషికింత అని కమీషను కోసం చేర్పిస్తూ ఉండవచ్చు. భక్తి వేరు, లైసెన్సు వేరు. ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన రసీదు అడగకూడదని లేదు. అడిగితే నొచ్చుకునేవాడి దగ్గర అసలే కట్టకూడదు. సంఘ కాపరులకు కూడా మా మనవి: ఏజెంట్ల కోసం వేదిక మీద నుండి ప్రకటన చేయవద్దు. మీ నోట వచ్చిన మాటను జనం హామీగా తీసుకుంటారు. వీసా కోసం ప్రార్థన చేయించుకోవడం మంచిదే, అయితే ప్రార్థనకు ముందో తరువాతో ఆ లైసెన్సు నంబరు కూడా చూడాలి.

ఉత్తరం రాసిన తల్లికి మా జవాబు ఇది. అమ్మా, చట్టం ఒప్పుకున్న రుసుముకు మూడు లక్షలు ఎనిమిది రెట్లకు మించి ఉంది. అదొక్కటే వద్దనడానికి చాలిన కారణం. పొలం కాగితాలు పెట్టెలోనే ఉంచండి. మీ అమ్మాయి ఆశను మాత్రం ఆర్పవద్దు. ఆరేళ్ల అనుభవం, బి.ఎడ్. ఉన్న టీచరు చిన్న అభ్యర్థి కాదు. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలకు ఆమె నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలంగాణవారైతే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో, ఆంధ్రవారైతే ఓమ్‌క్యాప్‌లో విచారించవచ్చు. ఈలోగా సర్టిఫికెట్లకు అపోస్టిల్ చేయించాలా, ఎంబసీ ముద్ర వేయించాలా అన్నది వెళ్లదలచిన దేశాన్ని బట్టి కనుక్కుని సిద్ధం చేసుకోమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు మాత్రం ఏ ఏజెంటు దగ్గరా వదలవద్దు.

ఇక ఇప్పటికే డబ్బు కట్టి దిగులుపడుతున్నవారు ఉంటే, సిగ్గుపడి దాచవద్దు. దాచినకొద్దీ దోవ మూసుకుపోతుంది. రసీదులు, బ్యాంకు కాగితాలు, ఫోను సందేశాలు అన్నీ ఒకచోట చేర్చి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. విదేశంలో చిక్కుకున్నవారి తరఫున 2015లో ప్రారంభమైన మదద్ వెబ్‌సైటులో ఇంటివారే ఫిర్యాదు పెట్టవచ్చు. వెళ్లబోయేవారు కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచి, బడి చిరునామా, అక్కడి భారత ఎంబసీ ఫోను నంబరు క్యాలెండరు పక్కన గోడమీద రాసిపెట్టి వెళ్లండి. వారానికి ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకుని ఫోను చేయండి. ఆ వేళకు ఫోను రాకపోతే ఎవరిని అడగాలో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.